ఒడ్డున నిలిచి ప్రభువు అడిగిన ప్రశ్న



శుక్రవారం రాత్రి. ఉద్దానంలో ఒక ఊరు. కొబ్బరితోట నడుమ ఒక చిన్న ఇల్లు. జీడిపప్పు పొట్టు తీసే పనికి పోయి వచ్చిన తల్లి చేతులు కడుక్కుని అరుగుమీద కూర్చుంది. ఫోను మోగింది. కువైట్ నుంచి కొడుకు.

"ఏటి నాయనా, ఎలాగున్నావు?"

"బాగున్నానమ్మా. నువ్వెలాగున్నావు?"

"నాకేటి, బాగానే ఉన్నాను. తిన్నావా?"

"తిన్నాను. డబ్బులు పడ్డాయా?"

"పడ్డాయి నాయనా."

మాట అయిపోయింది. కొడుకుకు రెండు నెలలుగా జీతం రాలేదు. పంపిన డబ్బు గదిలో ఉన్న మరో మనిషి దగ్గర అప్పు తెచ్చినది. ఆ మాట అతడు చెప్పలేదు. తల్లి కిందటి వారం పలాస ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకుంది. క్రియాటినిన్ పెరిగిందన్నారు. ఆ మాట ఆమె చెప్పలేదు. ఒకరి మీద ఒకరికి ప్రేమ లేక కాదు. ప్రేమ ఉన్నందుకే ఇద్దరూ దాచుకున్నారు. రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

ఇది ఏ ఒక్క ఇంటి కథ అని చెప్పను. పలాస, టెక్కలి, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో ఇలాంటి మాటలే నడుస్తున్నాయి. చదువుతున్న మీలో కొందరికి ఇది మీ ఇల్లే అనిపించి ఉంటుంది. అందుకే ఈ వారం ఈ "బాగున్నాను" అనే మాటను దేవుని వాక్కు వెలుగులో కొంచెం ఆలోచిద్దాం.

దూరదేశం పోవడం మనకు కొత్త కాదు. మన తాతల కాలంలో రంగం వెళ్లేవారు. రంగం అంటే బర్మాలోని రంగూన్ పట్టణం. అక్కడి ఓడరేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ మన ఉత్తరాంధ్ర వారు చెమటోడ్చారు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేసినప్పుడు ఎందరో కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇంటి దారి పట్టారు. కొందరు దారిలోనే రాలిపోయారు. ఇప్పుడు దేశాల పేర్లు మారాయి. కువైట్, ఖతార్, దుబాయ్, సౌదీ, సింగపూర్, మలేషియా అంటున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరాన్ని తాకి, ఏళ్ల తరబడి పెంచుకున్న కొబ్బరినీ జీడినీ ఒక్క రాత్రిలో నేలకూల్చింది. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అప్పుకు వడ్డీ అన్నాళ్లు ఆగదు. కడుపు కోసం, బిడ్డల చదువు కోసం, చెల్లెలి పెళ్లి కోసం ఊరు విడిచిన వారిని తప్పు పట్టేవారెవరు?

వెళ్లిన చోట బతుకు ఎలాంటిదో పవిత్ర గ్రంథం దాచలేదు. ఆదికాండంలో యాకోబును చూడండి. ఇల్లు విడిచి హారానుకు పోయాడు. మేనమామ లాబాను దగ్గర ఇరవై ఏళ్లు పనిచేశాడు. పద్నాలుగేళ్లు భార్యల కోసం, ఆరేళ్లు మందల కోసం. పగలు ఎండ తనను కాల్చిందనీ, రాత్రి చలి తినేసిందనీ, కంటికి నిద్ర కరువైందనీ అతడే చెప్పుకున్నాడు. యజమాని పదిసార్లు జీతం మార్చాడు. ఇక్కడ ఏజెంటు చెప్పిన పని ఒకటి, అక్కడ విమానం దిగాక చేతిలో పెట్టిన పని మరొకటి అయిన మన బిడ్డలకు యాకోబు పరాయివాడు కాదు. పన్నెండు గోత్రాలకు తండ్రి అయినవాడు కూడా కూలికోసం కుమిలినవాడే.

అయితే యాకోబు ఒక పని చేశాడు. దాన్ని మనం తరచుగా గమనించం. మనసు బరువెక్కినప్పుడు అతడు రాహేలునూ లేయానూ మంద ఉన్న పొలానికి పిలిపించాడు. ఉన్నదున్నట్లు చెప్పాడు. మీ తండ్రి ముఖం నా పట్ల మునుపటిలా లేదన్నాడు. జీతం విషయంలో జరిగిన మోసం చెప్పాడు. దేవుడు తనకు తెలిపినదీ చెప్పాడు. ఆ ఇద్దరూ విని, తమ కష్టం కూడా చెప్పి, దేవుడు చెప్పినట్లే చేయమన్నారు. ఆ మాట తరువాతనే యాకోబు ఇంటి ప్రయాణం మొదలైంది. ఆ రోజు అతడు భార్యల ముందు "అంతా బాగుంది" అని ఊరుకుని ఉంటే? లాబాను గొర్రెలు కాస్తూ అక్కడే ముసలివాడై ఉండేవాడేమో!

ఇప్పుడు ఇంటి దగ్గర ఉన్న తల్లిదండ్రులతో, భార్యలతో ఒక మాట. సమూవేలు మొదటి గ్రంథంలో యిషాయి అనే తండ్రి ఉన్నాడు. పెద్ద కొడుకులు ముగ్గురు సౌలు రాజుతో యుద్ధానికి పోయారు. ముసలి తండ్రి చిన్నవాడైన దావీదును పిలిచి, వేయించిన ధాన్యం, పది రొట్టెలు అన్నలకూ, పది జున్నుగడ్డలు వారి అధికారికీ ఇచ్చి పంపాడు. అన్నల క్షేమం కనుక్కుని, వారి దగ్గరనుంచి ఏదైనా గుర్తు తీసుకురమ్మన్నాడు. మన ఇళ్లలోనూ ఇదే కదా జరిగేది! ఎవరైనా గల్ఫుకు పోతున్నారని తెలిస్తే చాలు, ఆవకాయ, జీడిపప్పు, ఎండుచేపలు మూట కట్టి "మావాడికి ఇయ్యి బాబూ" అంటాం. ఆ మూటలో ప్రేమ ఉంది. దేవునికి స్తోత్రం. కాని యిషాయి మూట పంపి ఊరుకోలేదు. క్షేమం తెలియజేసే గుర్తు కావాలన్నాడు. "బాగున్నాం" అనే ఒక్క మాట అతనికి చాలలేదు.

మనం అడుగుతున్న ప్రశ్నలు ఏమిటి? డబ్బులు ఎప్పుడు పంపుతావు? స్లాబు ఎప్పుడు వేద్దాం? వేడుకకు ఎంత ఇస్తావు? పక్కింటి వాడు మేడ కట్టాడు, మనదెప్పుడు? నెలనెలా ఈ ప్రశ్నలే వినేవాడు నిజం ఎలా చెప్తాడు? "అమ్మా, నాకు ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదు" అనే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. మనం పంపిన బిడ్డ మన చేతుల్లో డబ్బుయంత్రంగా మారకూడదు. జగద్గురువులు రెండవ జాన్ పాల్ గారు 1981లో మానవ శ్రమను గురించి రాసిన విశ్వలేఖలో పని మనిషి కోసమేగాని మనిషి పని కోసం కాదని బోధించారు. పుస్తకాలు చదివి మాత్రమే ఆయన ఆ మాట అనలేదు. యువకుడిగా ఉన్నప్పుడు పరాయి సైన్యం ఏలుబడిలో రాతిగనిలో, రసాయన కర్మాగారంలో ఆయన స్వయంగా కూలి చేశారు.

కనుక క్షేమం అడిగేటప్పుడు విడివిడిగా అడగండి. రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు? గదిలో ఎంతమంది ఉన్నారు? నీళ్లు తాగుతున్నావా? జీతం ఏ తారీఖున ఇచ్చారు? ఫోర్‌మన్ ఎలా మాట్లాడుతున్నాడు? ఎవరితో మనసు విప్పి మాట్లాడుతున్నావు? ఒక్కో ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి.

నీళ్ల సంగతి ఊరికే అనలేదు. మన ఉద్దానానికి ఒక శిలువ ఉంది. మూత్రపిండాల వ్యాధి. ఎన్నో అధ్యయనాలు జరిగినా కారణం ఇదే అని ఇంకా ఎవరూ తేల్చి చెప్పలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ అనే మాట మన ఊళ్లలో చదువురాని వారికి కూడా తెలుసు. అటువంటి నేల నుంచి మన బిడ్డ ఎడారి ఎండలో పనికి పోతున్నాడు. గంటల తరబడి చెమట పట్టి, తగినన్ని నీళ్లు లేకపోతే మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. అదే రోజురోజూ జరిగితే అవి దెబ్బతింటాయి. ఒళ్లు నొప్పులని అడ్డగోలుగా మింగే నొప్పి మాత్రలు ఆ హానిని పెంచుతాయి. గల్ఫులో పనిచేసి తిరిగివచ్చిన యువకుల్లో మూత్రపిండాలు చెడిపోవడం నేపాల్ వైద్యులు కూడా చూస్తున్నారు. అందుకే అక్కడి ప్రభుత్వాలు ఎండాకాలంలో మధ్యాహ్నపు ఆరుబయటి పనిని నిషేధించాయి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా ఎండలో పని చేయించకూడదు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా. ఈ నియమం మన బిడ్డకు తెలియాలి. వెళ్లేముందు, సెలవుకు వచ్చినప్పుడు క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. "జబ్బు బయటపడితే పంపేస్తారు, అప్పు ఎలా తీరుతుంది" అని దాచుకున్నవాడు చివరికి అప్పుతో పాటు జబ్బునూ ఇంటికి తెస్తాడు. అప్పు తీర్చడానికి దారులు వెదకవచ్చు. చెడిన మూత్రపిండాన్ని ఎవరు తిరిగి ఇవ్వగలరు?

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం అంటుకున్న వార్త మీరు మరచి ఉండరు. నిద్రలో ఉన్నవారు పొగకు ఊపిరాడక, మంటల్లో చిక్కి చనిపోయారు. మరణించిన భారతీయులే 40 మందికి పైగా. ఆంధ్రప్రదేశ్ వారు ముగ్గురు. అందులో ఒకరు మన సోంపేట మండలం వారు. ఆ ముందురోజు ఎన్ని ఇళ్లకు ఫోన్లు వచ్చి ఉంటాయి? చివరి మాట ఏది? భయపెట్టడానికి ఇది రాయడం లేదు. ప్రతి ఫోను ఒక వరమని గుర్తు చేయడానికి రాస్తున్నాను. ఆ వరాన్ని లెక్కల మాటతోనే ఖర్చు చేయకండి.

దూరదేశంలో ఉండి ఈ పత్రికను ఎవరైనా పంపగా చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ మరో మాట. యిర్మీయా ప్రవక్త కాలంలో యూదులు బబులోనియాకు కొనిపోబడ్డారు. అప్పుడు హనన్యా అనేవాడు రెండేళ్లలో అందరూ తిరిగి వస్తారని తీపి మాట చెప్పాడు. రెండేళ్లు! మన కాంట్రాక్టు కాగితంలో ఉండే మాటే. యిర్మీయా మాత్రం వారికి ఉత్తరం రాసి, డెబ్బై ఏళ్లు పడుతుందని ఉన్నమాట చెప్పాడు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని బోధించాడు. అంటే ఏమిటి? పరదేశంలో గడిచే రోజులు కూడా మీ బతుకే. "ఈ రెండేళ్లు ఎలాగోలా పోనీ, తరువాత బతుకుదాం" అని పళ్లు బిగించి కూర్చోకండి. రెండు నాలుగవుతాయి, నాలుగు పదవుతాయి. కనుక ఈ రోజే కాస్త నిద్రపోండి. గదిలోని మలయాళీతోనో, నేపాలీతోనో, బంగ్లాదేశీయునితోనో కలిసి వండుకుని తినండి. మనసులోని బరువును సీసాలో ముంచకండి. మునిగినట్లే ఉండి అది తెల్లవారేసరికి రెండింతలై పైకి తేలుతుంది.

దేవాలయం ఉన్న చోట దేవాలయానికి పోండి. కువైట్ నగరంలోని కతెడ్రలు పేరే తిరుకుటుంబ దేవాలయం. ఎంత తగిన పేరు! బాలయేసును, మరియమాతను తీసుకుని పునీత జోజప్పగారు రాత్రికి రాత్రి ఐగుప్తుకు పోయారు. భాష తెలియని దేశంలో రంపం పట్టి కుటుంబాన్ని పోషించారు. 1952లో జగద్గురువులు పన్నెండవ పయస్ గారు వలసపోయిన వారిని గురించి రాసిన లేఖలో ఆ తిరుకుటుంబమే వలస కుటుంబాలన్నిటికీ ఆదర్శమని చెప్పారు. దోహాలో జపమాల మాత దేవాలయం ఉంది. బహ్రెయిన్‌లో అరేబియా మాత కతెడ్రలును 2021 డిసెంబరులో ప్రతిష్ఠించారు. సౌదీలో బహిరంగ దేవాలయాలు లేవు. అక్కడున్నవారు జపమాలను జేబులో ఉంచుకుని మంచం మీద కూర్చుని ప్రార్థించినా ప్రభువు వింటాడు. ఇక్కడ మీ విచారణ దివ్యబలిపూజలో మీ పేరు పలికే తల్లి ఉంది. మీరు ఒంటరివారు కారు.

ఇక విచారణలకు. ఊరు విడిచి వెళ్లినవారి పేర్ల పట్టిక మన దేవాలయంలో ఉందా? విశ్వాసుల ప్రార్థనలో నెలకొకసారైనా వారి పేర్లు చదువుతున్నామా? ఒంటరిగా పిల్లలను పెంచుకుంటున్న భార్య బజారుకు పోయినా, నవ్వినా వంద కళ్లు చూస్తున్నాయి. ఆమెకు మన నాలుక ముళ్లకంపగా మారుతున్నదా, నీడనిచ్చే చెట్టుగా ఉంటున్నదా? ఆమె మోసే బరువు తక్కువది కాదు. అప్పులవాడికి జవాబు చెప్పేది ఆమె. బిడ్డకు జ్వరం వస్తే రాత్రి ఆటో వెదికేది ఆమె. మరునాడు ఫోనులో "పిల్లలు బాగున్నారు" అనేదీ ఆమె.

కొత్తగా వెళ్లేవారికి ఉపదేశులూ చదువుకున్న యువకులూ సాయపడాలి. విదేశీ కొలువులకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 నాటి వలస చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు నంబరు సరైనదో కాదో 'ఇ-మైగ్రేట్' వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన రుసుముకు నిబంధనలు పెట్టిన పరిమితి 30 వేల రూపాయలు, దాని మీద పన్ను. లక్షలు అడిగేవాడిని చూసి భయపడాలి. ఇమిగ్రేషన్ అనుమతితో గల్ఫు దేశాలకు వెళ్లే కార్మికులకు ప్రమాదవశాత్తు మరణిస్తే 10 లక్షల రూపాయలు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా ఉంది. విజిట్ వీసా మీద దొంగదారిన పోయినవాడికి ఈ రక్షణ ఏదీ ఉండదు. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాగితాల నకళ్లు ఒక కట్ట ఇంట్లో ఉంచండి. కష్టం వస్తే రాయబార కార్యాలయం మొదట అడిగేవి ఆ కాగితాలే.

చివరగా సముద్రపు ఒడ్డుకు పోదాం. యోహాను సువార్త చివరి అధ్యాయం. బారువ, భావనపాడు తీరాల్లోని మన మత్స్యకార సోదరులకు ఆ రాత్రి ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. పేతురు, అతని తోడివారు రాత్రంతా వల వేశారు. ఒక్క చేప పడలేదు. ఒళ్లు అలసింది, మనసు విరిగింది. తెల్లవారుతుండగా ఒడ్డున ఎవరో నిలిచి ఉన్నారు. ఆయన వారిని బిడ్డలని పిలిచి, తినడానికి మీ దగ్గర ఏమైనా ఉందా అని అడిగాడు.

వారు ఏమన్నారు? లేదు అన్నారు. అంతే. పేతురు పాతకాపు జాలరి. ఆ పరువు కాపాడుకోవడానికి "ఏదో పడ్డాయిలెండి, బాగానే ఉంది" అనవచ్చు. అనలేదు. ఖాళీ వలను ఖాళీ వలగానే చూపించారు. ఆ మాట తరువాతనే ప్రభువు వల కుడిపక్క వేయమన్నాడు. 153 పెద్ద చేపలు పడ్డాయి. అంతకన్న గొప్ప సంగతి మరొకటి ఉంది. వారు ఒడ్డుకు చేరేసరికి బొగ్గుల మంట, దాని మీద చేప, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. మృత్యువును జయించిన ప్రభువు, అలసివచ్చిన పనివాళ్లకు పొద్దుటి భోజనం వండి పెట్టాడు. ముందు తినమన్నాడు. ఆ తరువాతే పేతురుతో పని గురించి మాట్లాడాడు.

ప్రియమైన తల్లిదండ్రులారా, భార్యలారా, ఈ శుక్రవారం ఫోను మోగినప్పుడు మీరు ఆ ఒడ్డున నిలిచినవారు కండి. ముందు తిన్నావా అని అడగండి. అడిగి, నిజంగా వినండి. "లేదు" అనే మాట వస్తే కోప్పడకండి, ఏడ్చి అతడిని ఇంకా కుంగదీయకండి. "సరే నాయనా, ఏం చేద్దామో కలిసి చూద్దాం. నీకంటే మేడ ఎక్కువ కాదు" అనండి. దూరాన ఉన్న బిడ్డలారా, మీరూ అమ్మ ఆరోగ్యం గుచ్చిగుచ్చి అడగండి. మీ వల ఖాళీగా ఉంటే ఖాళీ అని చెప్పే ధైర్యం ప్రభువును అడగండి. ఖాళీ వల సిగ్గుపడవలసినది కాదు. దాచుకున్న వలను ఎవరు నింపగలరు?

ఓ ప్రభువా, ఐగుప్తులో పరదేశిగా పెరిగిన బాలయేసువా, మా ఉద్దానం బిడ్డలు ఎక్కడ పనిచేస్తున్నా వారిని కాపాడుము. ఎండలో వారికి నీడగా, రాత్రి వారికి నిద్రగా ఉండుము. మా ఇళ్లలో నిజం పలికే నాలుకను, నిజాన్ని మోసే హృదయాన్ని దయచేయుము. తిరుకుటుంబమా, మా వలస కుటుంబాల కొరకు ప్రార్థించండి. ఆమెన్.